ఆసుపత్రి గేటు దాటాక

పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "ఇంజినీరువి కదా, కరెంటు పొదుపు గురించి ఓ పావుగంట మాట్లాడరా" అన్నాడు. సరేనన్నాను. తర్వాత నాలుగు రోజులు ఆలోచించి, మళ్ళీ నేనే ఫోన్ చేసి, విషయం మారుస్తానని చెప్పాను. యాభై ఏళ్ళకు ఒకసారి వచ్చే సభ ఇది. మళ్ళీ ఇంతమందిమి ఒకచోట కలుస్తామో లేదో తెలియదు. అందుకని చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న మాట చెప్పదలచుకున్నాను. పిల్లలకు జబ్బు చేసినప్పుడు ఇంట్లో ఏం చేయాలి, ఆసుపత్రికి వెళ్ళాక ఆ కుటుంబానికి ఎవరు తోడుండాలి అన్నదే ఆ మాట.

నేను డాక్టర్ని కాను. నేను చెప్పబోయే వైద్య సలహాలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఎప్పటినుంచో చెబుతున్నవే. వాటిలో నా సొంత తెలివి ఏమీ లేదు.

1979 ఎండాకాలం. నాకు పదేళ్ళు. ఈ బడి అప్పటికి పెట్టి నాలుగేళ్ళే అయింది. నేనింకా ఇందులో చేరలేదు, ఐదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. మా తమ్ముడికి రెండేళ్ళు నిండాయి. ఒకరోజు తెల్లవారుజామున వాడికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని మా నాయనమ్మ నమ్మకం. ఆమెది ఒక్కదానిదే కాదు, ఆ రోజుల్లో మా వీధి అందరి నమ్మకమూ అదే. వాడు నీళ్ళ కుండ వైపు చెయ్యి చూపిస్తూ ఏడుస్తుంటే, మా అమ్మ తడిగుడ్డతో పెదాలు అద్దింది. మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది. తగ్గుముఖం పట్టిందని అనుకున్నాం. సాయంత్రం మా నాన్న పొలం నుంచి వచ్చి, వాణ్ణి భుజాన వేసుకుని, గుంటూరు బస్సు కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. బస్సు రాకముందే వాడు పోయాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదని మా ఇంట్లో అందరం అనుకున్నాం. మా అమ్మ మాత్రం అనుకోలేకపోయింది. చివరి రోజుల్లో కూడా, "నీళ్ళడిగాడ్రా" అనేది.

ఉద్యోగంలో చేరాక ఒక విషయం చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ కిక్కిరిసిపోయింది. కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహాలనబిస్ అనే పిల్లల డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా తగిన పాళ్ళలో కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువులకే గ్లాసులిచ్చి తాగించమన్నారు. మిగతాచోట్ల కలరాతో నూటికి ముప్పై మంది దాకా చనిపోతుంటే, ఆయన శిబిరంలో నూటికి నలుగురు కూడా పోలేదు. ఈ శతాబ్దంలో ఇంతకు మించిన వైద్య ఆవిష్కరణ లేదేమో అన్నంత పెద్ద మాట 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక రాసింది. మా తమ్ముడు పోయింది ఆ మరుసటి ఏడాది.

మహాలనబిస్ గారు 2022లో చనిపోయారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నేను లెక్క వేసుకున్నాను. బన్‌గావ్‌లో తెలిసిన విషయం నల్లపాడు చేరటానికి ఎనిమిదేళ్ళు చాలలేదు. మందు కనిపెట్టాల్సిన పని మిగల్లేదు. ఉప్పు, పంచదార, నీళ్ళు మా వంటింట్లోనే ఉన్నాయి. మాకు చెప్పేవాళ్ళే లేరు.

మా శాఖలో ఇలాంటివి రోజూ చూస్తాం. సబ్‌స్టేషన్ దాకా కరెంటు వస్తుంది, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు, స్తంభాలు పాతుతారు. స్తంభం నుంచి ఇంటికి వెళ్ళే సర్వీసు వైరు లేకపోతే ఆ ఇంట్లో దీపం వెలగదు. కోట్లు ఖర్చయ్యేది ముందు భాగానికి. ఇంట్లోవాళ్ళకు కావాల్సింది మాత్రం ఆ చివరి ముప్పై గజాల తీగ.

ఇప్పుడు 2025లో ఆ తీగ పడిందా అంటే, సగమే పడిందని నాకనిపిస్తుంది. నీళ్ళ విరేచనాలకు ఓఆర్‌ఎస్ తాగించాలని చాలామందికి తెలుసు. కానీ మందుల షాపుకెళ్ళి ఓఆర్‌ఎస్ అడిగితే, చాలాచోట్ల చేతికొచ్చింది అట్టడబ్బాలో నారింజ రుచితో ఉండే తియ్యటి పానీయం. అందులో పంచదార ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్ళకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఈ కొలతలు ఎవరో సరదాకి పెట్టినవి కావు. పేగు గోడలో ఉప్పు, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. పంచదార మరీ ఎక్కువైతే ఇది తిరగబడుతుంది. ఒంట్లోని నీళ్ళే పేగులోకి లాగబడి విరేచనాలు పెరుగుతాయి. మంచి చేస్తున్నామనుకునే తల్లి చేత్తోనే బిడ్డకు చెడు జరుగుతుంది.

దీని మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. కంపెనీలు పెద్దవి, ఆమె ఒక్కరు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఉత్తర్వులిచ్చింది. అసలు ఫార్ములా లేని పానీయాల పేరులో గానీ లేబుల్ మీద గానీ ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని చెప్పింది. ఉత్తర్వు వచ్చింది కదా అని మనం ఊరుకోకూడదు. మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రంలో అయితే ఉచితంగానే ఇస్తారు.

లీటరు ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ సగం నీళ్ళలో కలుపుదామని చూడొద్దు, పాళ్ళు చెడిపోతాయి. కలిపింది ఒక్కరోజే వాడాలి. రెండేళ్ళలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దవాళ్ళకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా పైన గుట్టగా కాకుండా సమానంగా కొలవాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మాన్పించకూడదు. గంజి, మజ్జిగ పట్టవచ్చు. కూల్‌డ్రింకులు వద్దు. దీంతోపాటు జింకు మాత్రలు పద్నాలుగు రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10. విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ పూర్తి చేయాలి.

కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంట్లో కూర్చోకూడదు. ఏడుపు ఆగిపోతే తగ్గినట్టు కాదు. ఈ మాట నేను చదివి చెప్పటం లేదు.

ఊపిరితిత్తుల జబ్బు సంగతి. దగ్గు, జలుబు ఉన్న బిడ్డ పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళకు 40, ఆ పైన ఉంటే న్యుమోనియా అని అనుమానించాలి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఇక లెక్క కూడా అక్కర్లేదు, బయల్దేరాల్సిందే. దీనికి స్టెతస్కోప్ అవసరం లేదు. మన పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

జ్వరంతో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం మన ఊళ్ళో ఇంకా ఉంది. రెండూ వద్దు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

చివరిగా మన ప్రాంతానికే ప్రత్యేకమైనది ఒకటుంది. పత్తి, మిరప పండించే ఊళ్ళలో పురుగుమందు లేని ఇల్లు అరుదు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు మనలో చాలామంది ఇళ్ళలో చూశాం. మూడేళ్ళ పిల్లాడికి ఆ సీసా అంటే కూల్‌డ్రింకే. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో కలిసిపోయింది మోనోక్రోటోఫాస్. మనవాళ్ళు పొలాల్లో ఏళ్ళ తరబడి కొట్టిన మందే అది. మందును దాని డబ్బాలోనే, పిల్లలకు అందనంత ఎత్తులో, తాళం వేసి ఉంచాలి. ఖాళీ డబ్బాను నీళ్ళకు గానీ నూనెకు గానీ వాడకూడదు. పొరపాటున బిడ్డ మింగితే వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించొద్దు. తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు కడిగి వెంటనే తీసుకెళ్ళాలి. ఆ డబ్బాను కూడా వెంట తీసుకెళ్ళాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు విరుగుడు ఇవ్వటం తేలికవుతుంది.

ఇదంతా ఇంటి దగ్గర పని. ఇక్కడి దాకా చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేను అసలు చెప్పదలచుకున్నది ఆసుపత్రి గేటు దాటిన తర్వాతి సంగతి. అందులో నా తప్పు కూడా ఒకటుంది.

మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన చేలకు వస్తాయని మీకు తెలుసు. రెండేళ్ళ కింద ఫిబ్రవరిలో, లైను పని చూడటానికి వెళ్ళి తిరిగొస్తుంటే, చేను గట్టు మీద ఒకామె ఎనిమిది నెలల బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. బిడ్డ డొక్కలు ఎగిరిపడుతున్నాయి. పక్కన ఇంకో నాలుగేళ్ళ పిల్ల. నేను జీపులో ఎక్కించుకుని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పేరు అనవసరం, ఎక్కడైనా అంతే. క్యాజువాలిటీ గేటు దగ్గర దింపి, ఆమె చేతిలో ఐదు వందలు పెట్టి, "లోపలికెళ్ళమ్మా, చూస్తారు" అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా, ఒక మంచి పని చేశానని.

నాలుగో రోజు అటు వెళ్తే, ఆమె అదే చేనులో కాయలు కోస్తోంది. బిడ్డ చెట్టుకు కట్టిన ఉయ్యాలలో ఉంది. దగ్గు తగ్గలేదు. ఏమ్మా, అప్పుడే పంపించేశారా అని అడిగాను.

"చీటీ రాయించుకోని రమ్మన్యారు సార్. యాడికి పోవాల్నో తెల్యలేదు. రక్తం పరీచ్చ ఒగ చోట, ఫోటో ఒగ చోట. పెద్దది ఒగటే ఏడ్పు. ఆధార్ మా ఊర్లో ఉండాది. రాత్రంతా కూసోని, తెల్లార్తానే వచ్చేస్తిమి" అంది.

నేనిచ్చిన ఐదు వందల్లో ఆటోకు పోను మిగిలింది ఆమె తిరిగి ఇవ్వబోయింది.

ఆ రోజు సెలవు పెట్టి మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. లోపల నేను చేసిన పని ఏమిటంటే, ఏ కిటికీ దగ్గర నిలబడాలో అడిగి తెలుసుకోవటం, కాగితాలు పట్టుకోవటం, పెద్దపిల్లను ఎత్తుకుని తిప్పటం, ఇడ్లీ తెచ్చిపెట్టటం. ఇంజినీరింగ్ డిగ్రీ ఎక్కడా అవసరం రాలేదు. నర్సు ఆ బిడ్డను వార్డులో చేర్చుకుంది, ఆరు రోజులకు నయమై పంపించారు. మొదటిసారే నేను లోపలికి వెళ్ళి ఉంటే ఆ బిడ్డ నాలుగు రోజులు అలా ఊపిరికి కష్టపడేది కాదు. ఆ నాలుగు రోజుల్లో ఏమైనా జరగవచ్చు. జరగకపోవటం మా అదృష్టం.

డాక్టర్లు, నర్సులు రోగిని చూస్తారు. వాళ్ళ మీద ఉన్న ఒత్తిడికి అదే ఎక్కువ. రోగి వెంట వచ్చిన కుటుంబాన్ని చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. పిల్లల విషయంలో ఈ రెండూ వేరు కావు. బిడ్డకు మందు పట్టేది తల్లి. ఆమె నిద్ర లేక, తిండి లేక, భయంతో వెళ్ళిపోతే వైద్యం కూడా ఆమెతోనే వెళ్ళిపోతుంది.

ఈ సంగతి ప్రపంచం నెమ్మదిగా నేర్చుకుంది. ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లల వార్డులోకి తల్లిదండ్రులను వారానికి కాసేపే రానిచ్చేవారు. 1959లో ప్లాట్ కమిటీ అది తప్పని చెప్పింది. తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చని, పసిపిల్లల తల్లి అక్కడే ఉండే ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లి గుండెకు ఆనించి కట్టటం మొదలుపెట్టారు. దాన్నే కంగారూ పద్ధతి అంటున్నాం. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే మరణాలు పాతిక శాతం తగ్గాయి. తల్లి పక్కన ఉండటమే వైద్యంలో భాగమైతే, ఆమెకు మంచం, భోజనం, ధైర్యం ఏర్పాటు చేయటం కూడా వైద్యంలో భాగమే కదా.

మన ప్రభుత్వాలకూ ఇది తెలుసు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో బాలింతకు, జబ్బుపడిన నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకలు ఉచితం. తర్వాత ఏడాదిలోపు పిల్లలకూ వర్తింపజేశారు. బాలింతకు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ భోజనం పెట్టాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికీ అంగన్‌వాడీకీ డాక్టర్ల బృందం వచ్చి పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు చూస్తుంది. బాగా బలహీనపడిన పిల్లల కోసం పోషకాహార పునరావాస కేంద్రాలున్నాయి. అక్కడ తల్లికి భోజనంతోపాటు పోయిన కూలికి కొంత పరిహారం ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైనది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలకు తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరు నుంచి పనిచేస్తోంది.

మన గుంటూరు సంగతి చూడండి. 1946లో పెట్టిన గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు అమెరికాలో సంఘంగా ఏర్పడి, జింకానా పేరుతో జనరల్ ఆసుపత్రికి భవనాలు కట్టిపెడుతున్నారు. అక్కడే చదువుకున్న డాక్టర్ గవిని ఉమాదేవి గారు తల్లీబిడ్డల విభాగం భవనానికి 20 కోట్ల రూపాయలిచ్చిన వార్త 2022లో మనందరం చదివాం. వాళ్ళూ పూర్వ విద్యార్థులే, మనమూ పూర్వ విద్యార్థులమే. వాళ్ళ స్థాయిలో మనం ఇవ్వలేం. అయితే వాళ్ళు అమెరికా నుంచి ఇవ్వలేనిది ఒకటి మన దగ్గరుంది. మనం ఇక్కడే ఉన్నాం. నల్లపాడు పంచాయతీ పోయి 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిసిపోయాం. పెద్దాసుపత్రికి అరగంటలో చేరగలం.

ముంబయిలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా అనే సంస్థ, క్యాన్సరు వైద్యం కోసం వచ్చిన పిల్లల కుటుంబాలకు వైద్యం పూర్తయ్యేదాకా ఉచితంగా గది, వంటకు చోటు, ఆసుపత్రికి రాకపోకలు ఏర్పాటు చేస్తుంది. హైదరాబాద్‌లోనూ వాళ్ళ కేంద్రాలున్నాయి. వాళ్ళు వైద్యం చేయరు. వైద్యం మధ్యలో ఆపి ఊరెళ్ళిపోకుండా కుటుంబాన్ని నిలబెడతారు, అంతే.

అంత పెద్ద సంస్థ పెట్టమని నేను అనటం లేదు. స్వర్ణోత్సవ నిధితో బడికి ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన కూడా ఉంది. కట్టండి, నేనూ నా వంతు ఇస్తాను. దాంతోపాటు మూడు చిన్న పనులు చేద్దామని మనవి.

మొదటిది, వీధికి ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు, జింకు మాత్రలు ఎప్పుడూ ఉండాలి. ఎలా వాడాలో ఆ ఇంటి ఇల్లాలికి మన ఆశా కార్యకర్త నేర్పిస్తుంది. ఆమె కూడా ఈ బడిలో చదివినామే, అదిగో, మూడో వరసలో కూర్చుంది.

రెండోది, ఒక సంచి. ఐదేళ్ళలోపు బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఇద్దాం. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, రేషన్ కార్డు నకళ్ళు, పాత మందుల చీటీలు అన్నీ అందులో ఉండాలి. పైన పెద్ద అక్షరాలతో బిడ్డ బరువు, పడని మందులు రాసి ఉంచాలి. అర్ధరాత్రి బయల్దేరేటప్పుడు బీరువా వెతుక్కునే పని తప్పుతుంది.

మూడోది, తోడు. నెలకు ఒక్కరోజు ఇచ్చేవాళ్ళు ముప్పై మంది కావాలి. ఊళ్ళో ఏ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళినా, కోతలకు వచ్చిన కూలీల బిడ్డ అయినా సరే, ఆ రోజు వంతు ఉన్నవాళ్ళు వెంట వెళ్ళాలి. చీటీ ఎక్కడ రాయించాలో, పరీక్ష ఎక్కడో, వైద్య సేవ కౌంటరు ఎక్కడో చూపించాలి. తల్లికి భోజనం తేవాలి. రెండో బిడ్డను చూసుకోవాలి. డాక్టరు చెప్పింది తల్లికి అర్థమయ్యేలా మళ్ళీ చెప్పాలి. డిశ్చార్జి అయ్యాక మందులు వేస్తున్నారో లేదో వారం తర్వాత ఒకసారి చూసి రావాలి.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉండాలి. మనం వైద్యం చెప్పకూడదు. సిబ్బందితో గొడవపడకూడదు, పలుకుబడి చూపించి వరసలో ముందుకు తోసుకెళ్ళకూడదు. బిడ్డ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు. ఏ కుటుంబానికి ఏ జబ్బో బయట చెప్పకూడదు. వాళ్ళ దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోకూడదు.

మన బ్యాచ్‌లో ఇంజినీర్లు, అమెరికా వెళ్ళినవాళ్ళు ఉన్నారని వేదిక మీద గొప్పగా చెప్పుకున్నాం. ఈ పనికి మాకన్నా పనికొచ్చేవాళ్ళు ఇదే హాల్లో ఉన్నారు. ఆసుపత్రిలో నర్సుగా రిటైరైన అక్క ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడు. మెడికల్ షాపు తమ్ముడున్నాడు. ఆటో నడిపే మిత్రులు నలుగురున్నారు, వాళ్ళకు తెలిసినంతగా ఆసుపత్రి దారులు నాకు తెలియవు. దయచేసి వాళ్ళు ముందుకు రావాలి. మేము వాళ్ళ వెనక నిలబడతాం.

మా తమ్ముడు బతికి ఉంటే ఆరో తరగతిలో ఈ బడిలోనే చేరేవాడు. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళవాడై ఈ బెంచీల్లో ఎక్కడో కూర్చుని, అన్నయ్య ఇంకెంతసేపు మాట్లాడతాడని విసుక్కునేవాడు.

భోజనాల దగ్గర, పులిహోర బల్ల పక్కన ఒక నోటుపుస్తకం పెట్టించాను. ఒకటి నుంచి ముప్పై దాకా తేదీలు రాసి ఉన్నాయి. ఏడో తేదీ ఎదురుగా నా పేరు రాశాను. మిగతావి ఖాళీగా ఉన్నాయి. చేతులు కడుక్కోవటానికి వెళ్ళే ముందు ఒక్కసారి చూడండి.

సెలవు.